గాలి ఒప్పుకుంటేనే ఓడ

(గ్రంథాలయం వారాంతపు సమావేశంలో, రైల్వే రిజర్వేషన్ విభాగంలో పనిచేసి రిటైరైన ఒక ఉద్యోగి చేసిన ప్రసంగం. గ్రీకు దీవులకు సొంతంగా ప్రయాణం వేసుకోవడం గురించి.)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల దాకా వినబడుతోందా? సరే.

నేను ముప్పై నాలుగేళ్ళు రిజర్వేషన్ కౌంటర్ వెనకాల కూర్చున్నవాణ్ణి. కిటికీ దగ్గరికి వచ్చేవాళ్ళలో రెండు రకాలు చూశాను. ఒకాయన వచ్చి "కాశీకి నాలుగు టికెట్లు" అంటాడు, అంతే. ఇంకొకాయన "కాశీకి ఏ బండి మంచిది, ఎక్కడ మారాలి, మొదటి బండి లేటైతే రెండోది దొరుకుతుందా, దొరక్కపోతే రాత్రి ఎక్కడ పడుకోవాలి" అని అడుగుతాడు. వెనక క్యూలో వాళ్ళు ఈ రెండో ఆయన్ని తిట్టుకుంటారు. నేనూ లోపల తిట్టుకునేవాణ్ణి, అబద్ధం ఎందుకు. కానీ గ్రీసు దీవులకు వెళ్ళేటప్పుడు మనం ఆ రెండో ఆయనలాగే ఉండాలి.

మా అమ్మాయి జర్మనీలో ఉంటుంది. 2018లో మేం అక్కడికి వెళ్ళినప్పుడు వాళ్ళకి ఆగస్టులో సెలవు దొరికింది, అందరం కలిసి గ్రీసు వెళ్దామంది. ఒక కాగితం మీద రాసి చూపించింది: ఏథెన్స్, కార్ఫూ, మికోనోస్, సాంటోరిని, క్రీట్, రోడ్స్. మొత్తం తొమ్మిది రోజులు. ఫోన్లో ఫోటోలు చూసి తయారుచేసిన జాబితా అది. "అమ్మా, ఊళ్ళు ఆరు, రాత్రులు ఎనిమిది, మధ్యలో సముద్రం ఎక్కడ పెట్టావు?" అన్నాను. (నవ్వులు)

నేను చేసిన మొదటి పని గోడకి మ్యాపు తగిలించుకోవడం. చిన్న రాతిదిబ్బల దాకా లెక్కేస్తే గ్రీసుకి ఆరు వేల దీవులంటారు, జనం ఉండేవి రెండు వందల చిల్లర. అవన్నీ ఒకే సముద్రంలో చల్లేసినట్టు కనిపిస్తాయి గానీ, ఓడల లెక్కలో అవి వేరువేరు లైన్లు. ఒక లైన్లోంచి ఇంకో లైన్లోకి దూకడం కుదరదు. కార్ఫూ పడమటి వైపు అయోనియన్ సముద్రంలో ఉంది. సాంటోరిని తూర్పు వైపు ఏజియన్‌లో. రెండిటికీ మధ్య గ్రీసు దేశమే అడ్డంగా ఉంది. కార్ఫూకి వెళ్ళే ఓడ ఏథెన్స్ రేవులో దొరకదు, పైన వాయవ్య మూల ఇగుమెనిత్సా దాకా పోవాలి. కార్ఫూ నుంచి సాంటోరినికి నేరుగా ఓడే లేదు. అదీ సంగతి. కార్ఫూ వానలు బాగా పడే దీవి, పచ్చగా ఉంటుంది, పాత పట్టణానికి 2007లో యునెస్కో గుర్తింపు వచ్చింది. చూడదగ్గదే. కానీ దానికి ఇంకోసారి, వేరే ప్రయాణం వేసుకోండి.

ఏథెన్స్ పక్కనే ఉండే సరోనిక్ దీవులు మన సబర్బన్ లైను లాంటివి. ఈజినా, హైడ్రా. పొద్దున్న వెళ్ళి రాత్రికి రావచ్చు. ఈజినాలో పిస్తా తోటలు ఉంటాయి. హైడ్రాలో కార్లూ మోటారు సైకిళ్ళూ ఉండవు, మీ సూట్‌కేసు కంచరగాడిద మీద వస్తుంది. చేతిలో మూడు నాలుగు రోజులే ఉంటే ఈ రెండూ చాలు, ఇంకెక్కడికీ పోవద్దంటాను నేను.

మెయిన్ లైను సైక్లడీస్. మనం ఫోటోల్లో చూసే తెల్ల సున్నం గోడలు, నీలం తలుపులు ఇక్కడివే. పారోస్, నాక్సోస్, సాంటోరిని, మికోనోస్, మిలోస్, సిఫ్నోస్, టినోస్, సిరోస్, అన్నీ ఇందులోనే. ఈ లైనుకి జంక్షన్ పారోస్. మన కాజీపేటలా అనుకోండి, ఎటు పోయేవాళ్ళయినా అక్కడ ఒకసారి దిగి మారతారు. సైక్లడీస్ రాజధాని సిరోస్. సర్కారు కచేరీలు అక్కడ, రద్దీ మాత్రం పారోస్‌లో.

ఆగ్నేయంగా, టర్కీ ఒడ్డుని ఆనుకుని దోదెకనీస్ దీవులు. దోదెకా అంటే పన్నెండు, మన ద్వాదశకి చుట్టమే. రోడ్స్ అందులోదే. ఏథెన్స్ నుంచి ఓడలో సగం రోజు పైనే పడుతుంది, విమానం మేలు. ఇక క్రీట్‌ని దీవి అనుకోకండి, ఒక రాష్ట్రం అనుకోండి. ఈ చివర నుంచి ఆ చివరికి 260 కిలోమీటర్లు. ఏథెన్స్ రేవు పిరేయస్‌లో రాత్రి ఓడెక్కి, క్యాబిన్‌లో పడుకుంటే తెల్లారేసరికి హెరాక్లియన్‌లో దిగుతారు. మనం రాత్రి బండెక్కి హైదరాబాద్‌లో దిగినట్టే. హోటలు ఖర్చు ఒక రాత్రిది మిగులుతుంది. కానీ క్రీట్‌కి కనీసం ఆరు రోజులు ఇవ్వాలి, కారు కావాలి.

నాకు బాగా నచ్చిన మాట ఒకటి చెబుతాను. మూల దీవులకి, లాభం రాని దారులకి, సర్కారు డబ్బిచ్చి ఓడలు నడిపిస్తుంది. అలాంటి లైనుని గ్రీకులు "అగొని గ్రమ్మి" అంటారు. బీడు లైను అని అర్థం. మన బ్రాంచి లైన్ల ప్యాసింజర్లు గుర్తొచ్చాయి నాకు. వారానికి రెండో మూడో ఓడలు, అవీ అన్నిచోట్లా ఆగుతూ పోతాయి. తీరిక ఉన్నవాళ్ళు ఎక్కాలి. తిరుగు విమానం టికెట్ జేబులో పెట్టుకున్నవాళ్ళు ఎక్కకూడదు.

ఇప్పుడు ఏ నెల అన్న సంగతి. ఇక్కడ మనవాళ్ళకి ఒక అదృష్టం ఉంది, ఎవరూ గమనించరు. మన బడులకి వేసవి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం దాకా. ఐరోపా బడులకి జూలై, ఆగస్టు. అంటే మన పిల్లలకి సెలవులున్నప్పుడు గ్రీసులో ఇంకా రద్దీ మొదలవ్వదు. మనకి ఇక్కడ రోహిణీ కార్తె ఎండలు రాళ్ళు పగలగొడుతుంటే అక్కడ పగలు 23, 24 డిగ్రీలు. కొండవాలుల మీద పూలు ఇంకా వాడిపోవు. గది అద్దె ఆగస్టు అద్దెలో సగం కూడా ఉండదు చాలాచోట్ల. ఒక్క లోపం, మే నెలలో సముద్రం ఇంకా చల్లగా ఉంటుంది. దిగితే పళ్ళు కొట్టుకుంటాయి. అయితే మనలో ఈత కొట్టేవాళ్ళు ఎంతమంది? మోకాళ్ళ దాకా దిగి ఫోటో తీసుకునే వాళ్ళమేగా ఎక్కువ. (నవ్వులు)

దసరా సెలవులు కూడా మంచివే, కానీ పండగ ఎప్పుడొచ్చిందో చూసుకోవాలి. 2025లో విజయదశమి అక్టోబరు 2న. అప్పటికి నీళ్ళు వెచ్చగా ఉంటాయి, ఓడలూ ఉంటాయి. 2026లో అది అక్టోబరు 20. అప్పటికి దుకాణాలు మూసేస్తుంటారు, ఓడలు తగ్గిపోతాయి. అధిక మాసం గ్రీసు దాకా పనిచేస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

వాళ్ళ పండగలు కూడా చూసుకోండి. వాళ్ళ ఈస్టరు మన చర్చిల ఈస్టరు రోజునే రావాలని లేదు, లెక్క వేరు. 2027లో వాళ్ళది మే 2న. ఆ వారం ఏథెన్స్‌లో ఉన్నవాళ్ళంతా సొంత దీవులకి పోతారు, సంక్రాంతికి హైదరాబాద్ ఖాళీ అయినట్టు. అలాగే ఆగస్టు 15. మనకి స్వాతంత్ర్య దినం, వాళ్ళకి మేరీమాత పండగ. టినోస్ దీవిలో ఆమె గుడి ఉంది, 1823లో అక్కడ భూమిలో ఒక పటం దొరికిందని ప్రసిద్ధి. ఆ రోజు భక్తులు రేవు నుంచి గుడి దాకా మోకాళ్ళ మీద పాకుతూ ఎక్కుతారు. మా ఆవిడ చూసి "అచ్చం మన మోకాళ్ళ పర్వతమే" అంది. తిరుమల మెట్లెక్కినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. చూడాలనుంటే వెళ్ళండి. కానీ ఆ వారం ఓడ టికెట్లు చివరి నిమిషంలో దొరుకుతాయనుకోకండి. తత్కాల్ లేదక్కడ.

సరే, గాలి దగ్గరికి వద్దాం. ఈ ప్రసంగం నేను ఒప్పుకున్నదే గాలి గురించి చెప్పడానికి.

జూలై, ఆగస్టు నెలల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి పొడిగాలి వీస్తుంది. పేరు మెల్తెమి. ఆకాశంలో ఒక్క మబ్బు ఉండదు, ఎండ పెళపెళలాడుతుంటుంది, కానీ గాలి టోపీలు ఎగరేసుకుపోతుంది. మొదలైతే ఒక్కోసారి రోజుల తరబడి ఆగదు. ఇది ఎందుకొస్తుందో చదివినప్పుడు నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. బాల్కన్ దేశాల వైపు పీడనం ఎక్కువ, టర్కీ మీద తక్కువ, ఆ తేడా వల్ల గాలి. ఆ టర్కీ మీది అల్పపీడనం ఎక్కణ్ణుంచి వచ్చింది? ఎండాకాలంలో మన ఉపఖండం మీద ఏర్పడే పెద్ద అల్పపీడనం పాకిస్తాన్, ఇరాన్ మీదుగా పడమటికి తోక చాపితే, ఆ తోక చివర అది. అంటే మనకి నైరుతి వానలు తెచ్చే ఏర్పాటే అక్కడ మెల్తెమి గాలిని లేపుతోంది. మనం ఇక్కడ నాట్లు వేసుకుంటుంటే అక్కడ ఓడలు ఆగిపోతున్నాయి.

గాలి ఎంతుందో బోఫోర్ట్ అనే కొలతలో చెబుతారు, సున్నా నుంచి పన్నెండు దాకా. మా వయసు వాళ్ళకి బోఫోర్స్ గుర్తొస్తుంది, అది వేరు. (నవ్వులు) అక్కడ చాయ్ దుకాణం... అంటే కాఫీ దుకాణం ముందు కూర్చున్న ముసలాళ్ళు కూడా "ఎప్తా బోఫోర్" అంటుంటారు. ఎప్తా అంటే ఏడు, మన సప్త. గాలి ఏడుకొచ్చింది అని. ఏడు దాటుతోందంటే మీరు హోటలు ఓనరుతో మర్యాదగా మాట్లాడ్డం మొదలుపెట్టాలి. వేగంగా పోయే చిన్న ఓడలు, కాటమరాన్లు, ముందే ఆగిపోతాయి. పెద్ద ఓడలు ఇంకొంచెం తట్టుకుంటాయి. తొమ్మిది అన్నారంటే దాదాపు అన్నీ రేవులోనే. ఈ కాటమరాన్ అన్న మాట దక్షిణాది సముద్రపు ఒడ్డున పుట్టింది, కట్టుమరం. మన జాలరుల తెప్ప పేరు పెట్టుకుని, మనవాళ్ళు వెళ్ళే గాలికి కూడా వెళ్ళదు అది.

మా కథ చెబుతాను. ఆ 2018 ఆగస్టులో అమ్మాయి జాబితా కొట్టి కొట్టి పారోస్, నాక్సోస్ రెండిటికి దింపాను. అంతా బాగానే నడిచింది. చివరి రోజు నాక్సోస్ నుంచి సాయంత్రం ఓడ, రాత్రికి ఏథెన్స్, మర్నాడు పొద్దున్న జర్మనీకి విమానం. ముప్పై నాలుగేళ్ళు కనెక్షన్లు కట్టిన మనిషిని, పది గంటల గ్యాప్ పెట్టాను, చాలనుకున్నాను. ఆ పొద్దున్న కిటికీ తలుపు దానంతటదే కొట్టుకుంటోంది. పదింటికి రేవుకి వెళితే టికెట్ల దుకాణం అద్దానికి చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది. "అపగొరెవ్తికో". నిషేధం అని. కోస్ట్ గార్డు ఓడలు కదలకూడదని ఆర్డరేశారు. లోపల కూర్చున్న కుర్రాడి మొహం చూశాను. "నన్నేం చేయమంటారు" అన్న మొహం. నేను అదే మొహం పెట్టుకుని ఎన్ని వందల మందికి "బండి క్యాన్సిలండీ" అని చెప్పానో. మొదటిసారి కిటికీకి ఇవతల నిలబడ్డాను.

రెండు రోజులు ఓడ లేదు. విమానం పోయింది, నాలుగు టికెట్లూ పోయాయి. ఓడ టికెట్ డబ్బు వెనక్కిచ్చారు, గది ఖర్చు మనదే. దీవిలో గదులన్నీ నిండిపోయి ఉంటే, మేం దిగిన ఇంటావిడ మేడ మీద కొడుకు గది ఖాళీ చేయించి మాకిచ్చింది. మా ఆవిడ రేవు గట్టు మీద కూర్చుని ఆంజనేయస్వామికి కొబ్బరికాయ మొక్కుకుంది. "వాయుదేవుడు మన మాట వినడు గానీ, కొడుకుతో చెప్పిస్తే తండ్రి వింటాడు" అంది. మూడో రోజు పొద్దున్న గాలి తగ్గింది. తగ్గిన మాట నిజం, ఎందుకు తగ్గిందో మీ ఇష్టం.

మా అల్లుడు మాత్రం చాలా విసుక్కున్నాడు. ఇంత పెద్ద ఓడకి ఈ గాలి ఒక లెక్కా అని. ఇంటావిడ అతనికి ఒక మాట చెప్పింది. 2000 సెప్టెంబరు 26 రాత్రి, గట్టి గాలిలో, పారోస్ రేవు దగ్గర ఎక్స్‌ప్రెస్ సమీనా అనే ఓడ రాళ్ళకి గుద్దుకుని మునిగింది. 80 మందికి పైగా పోయారు. రేవు దీపాలు కనబడేంత దగ్గరలో. ఆ తర్వాత అతను విసుక్కోలేదు.

అప్పటినుంచి నేను ఎవరికి ప్రయాణం వేసిచ్చినా మొట్టమొదట రాసేది చివరి రాత్రి. దేశం విడిచే ముందు రాత్రి ఏథెన్స్‌లో ఉండాలి. వీలైతే రెండు రాత్రులు. ఏథెన్స్ చూడ్డం మొదట్లో పెట్టుకోకండి, చివర్లో పెట్టుకోండి. గాలి వచ్చి ఒక రోజు తినేసినా అక్కడి కొండ మీది పాత కోట అక్రోపోలిస్ ఎక్కడికీ పోదు, విమానం పోతుంది. మిగిలిన జాబితా ఎలా రాసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

వీసా సంగతి కొంచెం తొందరగా చెబుతాను, ఇది ఇప్పుడు చాలామందికి తెలుసు. గ్రీసు షెంగెన్‌లో ఉంది, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల జట్టులో. ఏ దేశంలో ఎక్కువ రాత్రులుంటే ఆ దేశానికి అప్లై చేయాలి. సమానమైతే ముందు అడుగుపెట్టే దేశానికి. మొదటిసారి మూడు వారాలు జర్మనీలో ఉన్నాం కాబట్టి జర్మనీ వీసా, రెండోసారి ఇక్కణ్ణుంచి నేరుగా కాబట్టి గ్రీసు వీసా. 2024 జూన్ నుంచి పెద్దవాళ్ళకి ఫీజు 90 యూరోలు, సెంటర్ వాళ్ళ చార్జీ వేరే. 30,000 యూరోలకి తగ్గకుండా వైద్య బీమా ఉండాలి. ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయచ్చు. మే ప్రయాణానికి సంక్రాంతి కాగానే కూర్చోండి. మేం 2023లో రెండోసారి, స్నేహితులతో కలిసి ఆరుగురం వెళ్ళినప్పుడు అపాయింట్‌మెంట్ స్లాటే ఆలస్యంగా దొరికింది, పాస్‌పోర్టులు బయల్దేరడానికి మూడు రోజుల ముందు చేతికొచ్చాయి. వాటికోసం ఎదురుచూసిన మూడు వారాలు మా ఇంట్లో టెన్షన్ ఎంతంటే, కాలింగ్ బెల్ మోగితే ఇంట్లో అందరం లేచేవాళ్ళం. అందుకని హోటళ్ళు డబ్బు వాపసొచ్చే రకమే బుక్ చేయండి.

ఓడ టైం టేబులు గురించి కంగారు పడకండి. జనవరిలో చూస్తే మే నెల ఓడలు సగమే కనిపిస్తాయి. లేవని కాదు, ఇంకా పెట్టలేదని. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, పేర్లు. సాంటోరిని అని వెతికితే బోర్డు మీద థిరా అని ఉండచ్చు. కార్ఫూ వాళ్ళకి కెర్కిరా. చాలా దీవుల్లో పెద్ద ఊరి పేరు హోరా. చోరా అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది, అలా చదవకండి. 2023లో మా పక్క సీట్లో ఒక తమిళాయన "ఈ చోరా ఎక్కడ, అన్ని దీవుల్లోనూ ఉందేమిటి" అని మ్యాపు పట్టుకుని అవస్థ పడుతున్నాడు. ఇంగ్లీషులో ఓ, ఐ, ఏ అని మూడక్షరాలు రాసి ఈయా అని పిలిచే ఊరు కూడా ఉంది, సాంటోరినిలో.

పిరేయస్ రేవు చాలా పెద్దది. గేట్లు ఈ1 నుంచి ఈ12 దాకా. ఏ గేటో టికెట్ మీద చూసుకోకుండా వెళ్ళారో, పెట్టెలు లాక్కుంటూ రెండు కిలోమీటర్లు నడవాలి. విమానాశ్రయం నుంచి మెట్రో మూడో లైను 2022 అక్టోబరు నుంచి నేరుగా రేవు దాకా వస్తోంది, గంట పడుతుంది. అర్ధరాత్రి దిగితే ఎక్స్96 బస్సు ఉంటుంది. మికోనోస్, టినోస్ వెళ్ళేవాళ్ళు రఫీనా రేవు కూడా చూడండి, విమానాశ్రయానికి అదే దగ్గర.

ఓడలో దిగడం ఒక విద్య. పెద్ద ఓడ దీవి దగ్గర ఆగేది ఐదు పది నిమిషాలే, చిన్న స్టేషన్‌లో రెండు నిమిషాల హాల్టులా. మనం పైన ఏసీలో కూర్చుని "రేవొచ్చింది, మెల్లగా దిగుదాం" అంటే కుదరదు. ముందే కింద కార్లు పెట్టే గ్యారేజీలోకి దిగి, దీవి పేరు రాసిన అర దగ్గర మన పెట్టె తీసుకుని నిలబడాలి. పెద్ద ఇనప తలుపు కిందికి వాలుతుంది, ఒక్కసారిగా ఎండా, రేవూ, జనం, లారీలూ. నాకు ఆ క్షణం ఎంత ఇష్టమో చెప్పలేను. బండి ప్లాట్‌ఫారం మీదికొచ్చినప్పటి సందడే.

ఇక సాంటోరిని. మీరంతా దానికోసమే వచ్చారని నాకు తెలుసు. వద్దని చెప్పను. రెండు రాత్రులు చాలంటాను. అది అగ్నిపర్వతం పేలి మధ్యలో కూలిపోయిన దీవి. సుమారు క్రీస్తు పూర్వం 1600 ప్రాంతంలో పేలింది. మిగిలిన అంచు మీద ఊళ్ళు, కింద కొన్ని వందల అడుగుల లోతున సముద్రం. దీన్ని మొదటిసారి చూడాల్సింది ఓడ పైడెక్కు మీంచి. పెద్ద మామూలు ఓడలో పిరేయస్ నుంచి ఎనిమిది గంటలు, వేగం ఓడలో ఐదు. వేగం ఓడకి టికెట్ దాదాపు రెట్టింపు, పైగా అద్దాల వెనక కూర్చోబెడతారు, ఉప్పునీళ్ళు పడి ఆ అద్దంలోంచి ఏమీ కనబడదు. మామూలు ఓడే ఎక్కండి. నాక్సోస్ మీదుగా వెళితే చివరి ముక్క సుమారు రెండు గంటలే.

అందరూ ఈయాలో సూర్యాస్తమయం అంటారు. మేమూ నిలబడ్డాం. నాకు కనిపించింది ముందాయన ఫోను. మీరు దానికి బదులు అక్రోటిరి చూడండి. ఆ పేలుడు బూడిద కింద కప్పడిపోయిన ఊరు. 1967లో మారినాటోస్ అనే పురాతత్వవేత్త తవ్వడం మొదలుపెట్టాడు, 1974లో ఆ తవ్వకాల దగ్గరే పోయాడు. రెండంతస్తుల, మూడంతస్తుల ఇళ్ళు, మురుగు కాలవలు, ఇంటింటికీ ధాన్యం పెట్టుకునే పెద్ద బానలు. ఇటలీలో ఇలాగే బూడిద కింద పడిపోయిన పాంపేలోలాగా మనుషుల శవాలు దొరకలేదు. ముందే భూమి కంపించి ఉంటుంది, జనం వెళ్ళిపోయి ఉంటారని అంచనా. 2025 ఫిబ్రవరిలో కూడా అక్కడ వరసగా భూకంపాలొచ్చి 11,000 మందికి పైగా దీవి విడిచి వెళ్ళారు. తర్వాత సర్దుకుంది. ఆ బానల ముందు నిలబడ్డప్పుడు మా స్నేహితుడొకాయన "మా అమ్మమ్మ గారింట్లో గాదెలు ఇలాగే ఉండేవి" అని చాలాసేపు కదల్లేదు.

మందు అలవాటు లేకపోయినా అక్కడి ద్రాక్ష తోటలు చూడండి. పందిళ్ళుండవు. గాలికి తట్టుకోలేవని తీగల్ని గుండ్రంగా, బుట్ట అల్లినట్టు నేల మీదే చుడతారు, కాయలు ఆ బుట్ట లోపల కాస్తాయి.

హోటలు వాళ్ళు గది అద్దె కాక రోజుకింత పన్ను వసూలు చేస్తారు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా మూడు నక్షత్రాల హోటలుకి గదికి రాత్రికి 5 యూరోలు, ఐదు నక్షత్రాలకి 15. 2025లో పెంచారు. బుకింగ్‌లో కనబడకపోవచ్చు, దిగాక అడుగుతారు. మోసం అనుకుని గొడవ పెట్టుకోకండి.

తిండి. ఇక్కడ శాకాహారులు చాలామంది ఉన్నారు, మా ఆవిడా అంతే. నేను భయపడినంత లేదు. సాంటోరినిలో "ఫావా" అని అడగండి. పసుపు పచ్చటి ముద్దపప్పు, పైన ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు. అది లాథిరస్ జాతి గింజ, మన లంక పప్పుకి దాయాది. మా ఆవిడ మొదటి ముద్ద తిని "పోపు మర్చిపోయారు" అంది. నాక్సోస్ బంగాళాదుంపలకి గ్రీసంతా పేరు. పెద్ద చిక్కుడు గింజల కూర, బియ్యం కూరిన టమాటాలు, ఉడికించిన ఆకుకూరలు. సిఫ్నోస్‌లో శనివారం రాత్రి కట్టెల పొయ్యిలో మట్టికుండతో శనగలు పెట్టి ఆదివారం మధ్యాహ్నం తీస్తారు. వాళ్ళకి చర్చి ఉపవాసాలు చాలా ఎక్కువ. "నిస్తీసిమో" అంటే ఉపవాసపు వంట అని. మాంసం, పాలు, గుడ్డు ఉండవు. కానీ జాగ్రత్త. వాళ్ళ ఉపవాసంలో రొయ్యలూ, ఆక్టోపస్సూ తినచ్చు! (నవ్వులు) నెత్తురు లేనివని వాటికి మినహాయింపు. కాబట్టి నిస్తీసిమో అని వదిలేయకుండా, లోపల ఏముందో కూడా అడగాలి. అడిగినప్పుడు వాళ్ళు "నే" అంటే అవును అని. మన చెవికి కాదన్నట్టు వినిపిస్తుంది. కాదంటే "ఓహి". మాట కూడా ఉండదు ఒక్కోసారి, తల పైకెత్తి ప్చ్ అంటారు, అదే కాదనడం.

ఇంకో విషయం, చెప్పడానికి మొహమాటం కానీ చెప్పాలి. అక్కడ పైపులు సన్నం, కాగితం టాయిలెట్లో వేయకూడదు, పక్కన బుట్టలో వేయాలి. మన మగ్గు ఒకటి పెట్టెలో పెట్టుకోండి. మా ఆరుగురిలో మగ్గు తెచ్చిన ఒకే ఒక్కాయనకి ఎంత గౌరవం దక్కిందో!

కారు తీసుకునేవాళ్ళు ఇక్కడే ఆర్టీఓ ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోవాలి. బండి కుడివైపు నడపాలి. నాక్సోస్ కొండ మలుపుల్లో మా స్నేహితుడు మూడు రోజులు నడిపాడు, మిగిలిన ఐదుగురం విష్ణు సహస్రనామం.

ప్రశ్నలుంటే అడగండి.

(ముందు వరసలోంచి ఒకావిడ: నాకు మోకాళ్ళ నొప్పులండీ. నేను వెళ్ళగలనా?)

వెళ్ళగలరమ్మా, నాక్సోస్ పెట్టుకోండి. రేవు ఒడ్డున చదునుగా ఉంటుంది, సాయంత్రం నడవచ్చు. చివర గట్టు మీద పెద్ద పాలరాతి గుమ్మం ఉంది, పోర్టారా అంటారు, రెండున్నర వేల ఏళ్ళ నాటి గుడిది. గుడి పూర్తికాలేదు, గుమ్మం మిగిలింది. దాంట్లోంచి పొద్దు గుంకడం చూడండి, ఈయాకి తీసిపోదు. సాంటోరినిలో పాత రేవు నుంచి పైనున్న ఫిరా ఊరికి 588 మెట్లు, అది మాత్రం వద్దు. కేబుల్ కారు ఉంది. గాడిదల మీద ఎక్కకండి, వాటి మోకాళ్ళ గురించి కూడా ఆలోచించాలి కదా.

(వెనక నుంచి ఒకాయన: ఆవకాయ తీసుకెళ్ళనిస్తారా సార్?)

ఇదే అడుగుతారనుకున్నాను. ఆవకాయకి అభ్యంతరం లేదు, గట్టిగా సీలు వేయించండి. నెయ్యి, పాలతో చేసినవి, మాంసం పచ్చళ్ళు ఐరోపాలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు, మామిడి పళ్ళు కూడా కాగితాలు లేకుండా కుదరదు. ఆ కాగితం అక్కర్లేని పళ్ళు ఐదే ఐదు: అరటి, ఖర్జూరం, అనాస, డూరియన్, కొబ్బరి. ఈ జాబితా కనిపెట్టింది నేను కాదు, మా ఆవిడ. 2018లో మొక్కిన మొక్కు ఆవిడ మర్చిపోలేదు. 2023లో ఇక్కణ్ణుంచి సూట్‌కేసులో చీరల మధ్య చుట్టి కాయ తెచ్చింది. నాక్సోస్ రేవులో, అదే గట్టు మీద, పొద్దున్న ఆరింటికి కొట్టింది. గాలి రెండు. టికెట్ల దుకాణం కుర్రాడు తలుపు తెరుస్తూ చూసి, ఏమిటిదని సైగ చేశాడు. మా ఆవిడ కొబ్బరి చెక్క చేతిలో పెట్టి "ఓడ కోసం" అంది, తెలుగులోనే. అతను "నే, నే" అని తినేశాడు.